గదికి రంగులేసే ముందు పైకప్పు చూడండి

మీ ఊరి ప్రాథమిక బడికి కొత్తగా రెండు గదులు మంజూరయ్యాయి, తల్లిదండ్రుల కమిటీలో మీరున్నారు. అంతర్జాతీయ అవార్డులొచ్చిన బడుల ఫొటోలు చూస్తుంటే వాటిలో మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా, లేక అదంతా డబ్బున్న దేశాల వ్యవహారమా అని అడిగారు. నేను అనంతపురం జిల్లాలో 19 ఏళ్ళుగా ప్రాథమిక బడుల్లో టీచర్‌ని. అందులో 6 ఏళ్ళు సిమెంటు రేకుల గదిలోనే పాఠాలు చెప్పాను. పనికొచ్చేది ఉంది, చాలా ఉంది. కాకపోతే అది ఫొటోలో కనబడే చోట ఉండదు.

నాకు అన్నిటికంటే నచ్చిన అవార్డు బడి డబ్బున్న దేశంలోది కానే కాదు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశంలో గాండో అనే పల్లె ఉంది. ఆ ఊళ్ళో పుట్టిన ఫ్రాన్సిస్ కేరే, అక్కడ బడి లేక ఏడేళ్ళ వయసులో ఇల్లు వదిలి వేరే ఊరికి వెళ్ళి చదువుకున్నారు. ఆయన కూర్చున్న తరగతి గదిలో వంద మందికి పైగా పిల్లలు, విపరీతమైన ఉక్క. తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి సొంతూరికి బడి కట్టించారు. 2001లో పూర్తయిన ఆ బడికి 2004లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది, మంచి కట్టడాలకు ఇచ్చే అంతర్జాతీయ అవార్డు అది. ఆర్కిటెక్టులకు ఇచ్చే అతి పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని 2022లో అందుకున్నారు, అది అందుకున్న తొలి ఆఫ్రికన్ ఆయనే.

ఆ బడి పైకప్పు రేకులదే, మనకు తెలిసిన మామూలు ఇనుప రేకులే. తేడా ఏమిటంటే రేకు నేరుగా పిల్లల నెత్తిన లేదు. ఊరి బంకమట్టిలో కాస్త సిమెంటు కలిపి, ఒత్తి చేసిన ఇటుకలతో గోడలు, అవే మట్టి ఇటుకలతో సందులు వదిలి పేర్చిన లోపలి కప్పు, దానికి బాగా పైన సన్నటి ఇనుప చువ్వలతో అల్లిన చట్రం మీద రేకులు. మధ్యలో గాలి ఆడుతుంది. కింద కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది, వేడిగాలి ఆ సందుల్లోంచి పైకి పోతుంది. చూరు బాగా ముందుకు రావడంతో గోడల మీద ఎండా పడదు, వానా పడదు. అక్కడ క్రేన్లు దొరకవు కాబట్టి, ఊరి కుర్రాళ్ళే చువ్వలు కోసి వెల్డింగ్ చేసుకునేంత తేలికగా ఆ చట్రాన్ని డిజైన్ చేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అందరూ పనిచేశారు.

ఇది చదివిన రోజు నాకు నా గదే గుర్తొచ్చింది. మా దగ్గర మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేలోపే, రెండు పూటలా బడి నడిచే రోజుల్లోనే, ఎండ ముదిరిపోతుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక గదిలోకి వస్తే రేకుల వేడి మాడు మీద చెయ్యి పెట్టినట్టు తెలిసేది. పలక మీద చెమట చుక్క పడి రాసిన అక్షరం చెరిగిపోయేది. రెండో తరగతి పాప ఒకతె రోజూ ఆ వేళకు నేల మీద చెంప ఆనించి పడుకునేది, నిద్రపోతోందని నేను రోజూ లేపేదాన్ని. ఒకరోజు ఎందుకో ఆ పక్కనే కూర్చుని నేల మీద చెయ్యి పెట్టి చూశాను. గది మొత్తంలో చల్లగా ఉన్నది ఆ బండ ఒక్కటే. పాపది నిద్ర కాదు, ఆ గదిలో తను కనుక్కున్న ఒకే ఒక ఉపాయం అది. చాలా బాధేసింది నాకు, ఎందుకంటే అన్నాళ్ళూ నేను కుర్చీలో కూర్చుని "లే, రాసుకో" అంటూ ఉన్నాను.

ఆ తర్వాత తల్లిదండ్రులను పిలిచి మాట్లాడితే, మేస్త్రీ పని చేసే ఒక తండ్రి ముందుకొచ్చారు. రేకులకు అడుగున్నర కింద వెదురు తడికలు కట్టాం, గోడల పై వరుసలో అటూ ఇటూ కొన్ని ఇటుకలు ఊడదీసి పక్షులు రాకుండా జాలీ బిగించాం, రేకుల మీద తెల్లసున్నం రెండు పూతలు కొట్టాం. మన పాత మట్టిమిద్దెల్లో గవాచి, అదే కప్పులో గాలీ వెలుతురూ ఆడే కంత, వదిలేది కూడా ఇందుకే కదమ్మా అని ఆ తండ్రే అన్నారు. అవ్వాతాతలకు తెలిసిన సంగతే, బడి కట్టేటప్పుడు మాత్రం మనం మర్చిపోతాం. ఎండ పోలేదు గానీ, ఆ వేసవిలో మధ్యాహ్నం పూట ఆ పాప లేచి కూర్చునే రాసుకుంది. వాన పడినప్పుడు కూడా తడికల వల్ల చప్పుడు కాస్త తగ్గి, గొంతు పెంచితే పాఠం వినబడేది. అంతకుముందు వాన అంటే పాఠం బందే.

స్లాబు వేస్తున్నాం కదా, మాకు ఇవన్నీ ఎందుకు అనుకోకండి. తర్వాత నేను పనిచేసిన ఇంకో బడిలో స్లాబు గది కట్టారు. ప్లాన్ తయారై వచ్చింది, రోజూ ఆ గదిలో ఉండేవాళ్ళను ఎవరూ ఒక్క మాట అడగలేదు. కిటికీలు పడమట పెట్టారు, ఎదురు గోడకు బోర్డు. మూడు గంటలకు బోర్డు మీద ఎండ పడి తళతళలాడేది, కుడివైపు కూర్చున్న పిల్లలకు ఒక్క అక్షరం కనబడదు. కిటికీ అడుగు నాలుగడుగుల ఎత్తులో ఉంది, నేల మీద కూర్చునే పిల్లలకు అందులోంచి వచ్చే గాలి తగలదు, చెట్టు కనబడదు. చివరికి బోర్డును పక్క గోడకు మార్చుకున్నాం, వెలుతురు పిల్లల ఎడమవైపు నుంచి పడేలా. కుడిచేత్తో రాసేవాళ్ళకు చేతినీడ పలక మీద పడకూడదు కదా.

బంగ్లాదేశ్‌లో రుద్రాపూర్ అనే పల్లెలో మట్టి, వెదురుతో కట్టిన రెండంతస్తుల బడి ఒకటుంది, మెటి స్కూల్ అంటారు. అన్నా హేరింగర్, ఐకే రోస్వాగ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఊరివాళ్ళతో కలిసి కట్టారు, 2007లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. కింద ఇటుక పునాది, తేమ పైకి ఎక్కకుండా ఒక పొర, దానిమీద మట్టిలో గడ్డి కలిపిన మందపాటి గోడలు. మట్టిని పశువులతో తొక్కించారు. పై అంతస్తులో రంగురంగుల చీరలు వాడారు. నాకు బాగా నచ్చింది మాత్రం తరగతి గదుల వెనక మట్టిలోనే చేసిన గుహల్లాంటి చోట్లు. పిల్లలు అందులోకి దూరి ఆడుకోవచ్చు, ఒక్కరే కూర్చోవచ్చు. అలిగిన పిల్లకు, భయపడిన పిల్లకు బడిలో ఒక మూల కావాలని ఎవరో ఆలోచించారు చూడండి.

జపాన్‌లో ఫుజి కిండర్‌గార్టెన్ ఫొటో కూడా మీరు చూసే ఉంటారు, గుండ్రటి మిద్దె మీద పిల్లలు పరుగెత్తుతుంటారు, పాత చెట్లు కొట్టేయకుండా కప్పులోంచి పైకి వదిలారు. బాగుంటుంది. మన బడ్జెట్‌లో చెట్టును కొట్టకపోవడం ఒక్కటీ నేర్చుకుంటే చాలు.

రంగులు, బొమ్మలు చివరి పని. అది కూడా పనికొచ్చేలా చేయొచ్చు. ఢిల్లీకి చెందిన ఆర్కిటెక్టు కబీర్ వాజ్‌పేయి, విన్యాస్ సంస్థ తయారుచేసిన 'బాలా' పద్ధతి ఉంది, బడి భవనమే పాఠం చెప్పాలన్నది దాని ఉద్దేశం. అందులోంచి ఒకటి మేం చేశాం. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీశాం, 30, 60, 90. తలుపు తీసిన ప్రతిసారీ పిల్లలు డిగ్రీలు చదివేవాళ్ళు. ఖర్చు ఒక చిన్న డబ్బా పెయింటు.

ఇక మీరు చేయాల్సింది. ప్లాన్ కాగితం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గర తీసుకుని, పొడవు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు వస్తున్నాయా, కిటికీలు వాటికే ఉన్నాయా, కిటికీ అడుగు రెండు, రెండున్నర అడుగులకు దించగలరా, కిటికీల మీద చూరు ఎంత వస్తుంది, స్లాబు కింద వేడిగాలి పోయే కంతలు ఉన్నాయా అడగండి. పునాది తీయకముందే అడగాలి, తర్వాత ఎవరూ మార్చరు. మీ బడిలో ఇప్పుడున్న గదిలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి, ఆఖరి వరుసలో పిల్లలతో పాటు నేల మీద గంటసేపు కూర్చోండి. ఆ తర్వాత గదులు ఏ దిక్కుకు వస్తున్నాయో, కిటికీలు ఎక్కడ పెట్టారో ఇక్కడ రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.