క్యాట్‌లో కేసు వేద్దామంటున్నారు... మా అమ్మాయిది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా అమ్మాయికి 28 ఏళ్లు, బీకాం చదివింది. హైదరాబాద్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో మూడేళ్లుగా ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేస్తోంది. ఇప్పుడు ఐదో నెల గర్భవతి. ఆ సంగతి తెలిశాక, వచ్చే నెల నుంచి రావద్దని ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి చెప్పాడు. మిగతా అందరికీ రెన్యువల్ అయింది. మేం ఎస్సీలం, అదీ ఒక కారణమేమోనని అనుమానం. తెలిసిన వకీలు క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్)లో కేసు వేద్దాం, అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు. కేసు వేస్తే రేపు గవర్నమెంటు ఉద్యోగాలకు అడ్డొస్తుందా?

జవాబు: ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. మీ అమ్మాయి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, పైన ఎస్టాబ్లిష్‌మెంట్ అన్నచోట ఎవరి పేరుందో చూడండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం ఎవరి ఖాతా నుంచి పడుతోందో చూడండి. రెండుచోట్లా ఏజెన్సీ పేరే ఉంటే, రోజూ కూర్చునేది కేంద్ర ప్రభుత్వ కుర్చీలోనే అయినా, కాగితాల మీద ఆమె యజమాని ఏజెన్సీ. మీ కేసు ఎక్కడికి వెళ్లాలో చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది.

క్యాట్ 1985 నాటి చట్టంతో ఏర్పడింది. కేంద్ర సర్వీసుల్లో, సివిల్ పోస్టుల్లో ఉన్నవాళ్ల సర్వీసు తగాదాలు అది వింటుంది. వీళ్లతోపాటు సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి), బీఎస్ఎన్ఎల్ లాగా కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన సంస్థల ఉద్యోగులూ వెళ్లొచ్చు. ఏజెన్సీ మనిషి ఈ లెక్కలోకి రావడం కష్టం. ‘ఇది మా పరిధిలోది కాదు’ అని పిటిషన్ తిప్పి పంపితే, గర్భవతి అని తీసేశారా లేదా అన్న అసలు ప్రశ్న దాకా ఎవరూ రారు. ఈలోపు కాన్పు అయిపోతుంది, మీ డబ్బూ అయిపోతుంది.

వకీలు గారు ఒక మాట అనొచ్చు: ‘ఏజెన్సీ కాంట్రాక్టు ఉత్త బూటకం, అసలు యజమాని ఆఫీసే’ అని. నిజమే కావొచ్చు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది పారిశ్రామిక న్యాయస్థానమేనని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఒకవేళ ఆఫీసు అధికారే సంతకం పెట్టి ఇచ్చిన నియామక పత్రం ఆమె దగ్గర ఉంటే దారి మారుతుంది. అప్పుడు ముందు శాఖకే రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. ఆరు నెలలు చూసినా జవాబు రాకపోతే, ఆపైన ఏడాదిలోపు క్యాట్‌కు వెళ్లాలి. అక్కడ దరఖాస్తు ఫీజు 50 రూపాయలే, మిగతాదంతా వకీలు గారి ఖర్చు!

ఇక ఎస్సీ కమిషన్. అధికారులను పిలిపించి, ఫైళ్లు తెప్పించుకుని విచారించే శక్తి దానికి ఉంది. కానీ కోర్టులా స్టే, ఇంజంక్షన్ ఇవ్వలేదని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదు ఇవ్వండి, తప్పులేదు. అయితే ‘అనుమానం’ అని రాస్తే నిలవదు. ఎవరెవరికి రెన్యువల్ అయింది, ఆమె సీట్లోకి ఎవరు వచ్చారు, కులం పేరెత్తి ఎవరైనా ఏమన్నా అన్నారా, ఏ రోజు, ఎవరి ముందు... ఇవి ఆమెను కూర్చోబెట్టి రాయించండి. అలాంటి మాటలేవీ లేకపోతే కులం సంగతిని బలవంతంగా ఇరికించకండి. గర్భం విషయంలో మీకున్న గట్టి వాదన కూడా పలచబడుతుంది.

మీరు వెళ్లాల్సింది కార్మిక శాఖకు. తీసివేత మీద అక్కడ రాజీ అధికారి ముందు వివాదం పెట్టొచ్చు. గుమాస్తా పని కార్మికుల నిర్వచనంలోకి వస్తుంది కాబట్టి ఆమెకు ఆ అర్హత ఉంది. పని చేసేది కేంద్ర ఆఫీసులో, తీసుకున్నది ప్రైవేటు ఏజెన్సీ. దాంతో సెంట్రల్ లేబర్ కమిషనర్ ఆఫీసు వాళ్లు రాష్ట్రం అంటారు, రాష్ట్రం వాళ్లు సెంట్రల్ అంటారు. ‘ఇక్కడ కాదు’ అని ఎవరన్నా సరే, ఆ మాట కాగితం మీద రాయించుకోకుండా వెనక్కి రావద్దు. ఇంకొకటి, 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత సెక్షన్ నంబర్లతో ఉన్న రెడీమేడ్ దరఖాస్తులు వాడకండి.

అంతకన్నా ముందు, ఫోన్‌లో అన్న మాటను కాగితం మీదికి తేవాలి. ఆలస్యం చేయకుండా ఏజెన్సీకి మెయిల్ పెట్టించండి: ‘ఫలానా తేదీన మీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి వచ్చే నెల నుంచి రావద్దన్నారు. నేను గర్భవతినని మీకు తెలుసు. పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, కారణం రాతపూర్వకంగా తెలపండి.’ ఇంతే చాలు, శాపనార్థాలు వద్దు. ఆఫీసు అడ్మిన్ అధికారికీ కాపీ పంపాలి. గేటు దగ్గర ఆపేదాకా డ్యూటీకి వెళ్లడం మానకూడదు.

చాలామంది మర్చిపోయేది ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా). జీతం 21 వేల లోపు ఉండి, లెక్కలోకి వచ్చే వరుస రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (చందా లెక్కగట్టే ఆరేసి నెలల గడువుల్లో) కనీసం 70 రోజులకు చందా పడి ఉంటే, మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి భత్యం ఈఎస్ఐ నుంచే వస్తుంది. అక్కడ చూసేది కట్టిన చందా. కాబట్టి ఉద్యోగం పోయింది గనక ఇదీ పోయిందనుకోకండి, బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడగండి. పేస్లిప్‌లో కోత చూపించి అక్కడ జమ చేయకుండా ఉంటే అది ఏజెన్సీ మీద ఇంకో ఫిర్యాదు అవుతుంది. జీతం 21 వేలు దాటి ఈఎస్ఐ లేకపోయినా, కాంట్రాక్టు గడువు ముగిసిందని ప్రసూతి ప్రయోజనాలు ఆపకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

వకీలు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు, ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100కు ఫోన్ చేస్తే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వివరాలు చెబుతారు.

గవర్నమెంటు ఉద్యోగాలకు ఇది అడ్డు కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో అడిగేవి అరెస్టులు, క్రిమినల్ కేసులు, శిక్షలు, పరీక్షల నుంచి డిబార్ చేయడం లాంటివి. కార్మిక వివాదం వాటిలోకి రాదు. ప్రైవేటు ఏజెన్సీలు మాత్రం లోలోపల ఒకరికొకరు చెప్పుకోవచ్చు, అది లేదని నేననను. అందుకే మెయిల్ పెట్టే ముందే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే మంచిది, గొడవ మొదలయ్యాక ఇవ్వడానికి సతాయిస్తారు. కేంద్ర గుమాస్తా ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఇంటర్ స్థాయి పరీక్ష సీహెచ్ఎస్ఎల్‌కు గరిష్ఠ వయసు 27, ఎస్సీలకు అయిదేళ్ల సడలింపుతో 32. ఆమె చేతిలో ఇంకా టైముంది. కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ఫార్మాట్‌లో లేకపోతే, కాన్పు కాకముందే మీసేవలో దరఖాస్తు పెట్టించండి.