దేవుని అర్రలో పడ్డ మూడు ముళ్లు

ప్రశ్న: మాది హనుమకొండ. 2022 మేలో మా లగ్గమైంది, కులాలు వేరు. ఆడపిల్లను దానమిచ్చే తంతు నాకు నచ్చదు. అందుకే పంతులు, హోమం లేకుండా ఫంక్షన్ హాల్లో ఐదువందల మంది ముందు దండలు మార్చుకుని, మేమే రాసుకున్న ప్రమాణాలు చదివాం. రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దామనుకున్నాం. ఏడాదిన్నర హైదరాబాద్‌లో కాపురం చేశాక ఆయన అమెరికా వెళ్లారు. 2024 జూన్‌లో లాయర్ నోటీసు పంపించారు: సప్తపది లేదు, కన్యాదానం లేదు, కాబట్టి అసలు పెళ్లే కాలేదట! నన్ను నమ్మించి ఇంత మోసం చేసిన మనిషిని చట్టం ఏమీ చేయలేదా? నా పెళ్లి చెల్లుతుందా?
- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఏడు పేజీలుంది. అందులో ఆరు పేజీలు ఆయన మోసం గురించే. మీ కేసు మాత్రం నాలుగో పేజీలో, ఏదో గుర్తొచ్చి రాసినట్టున్న రెండు వాక్యాల్లో ఉంది: "మరునాడు పరకాల దగ్గర వాళ్ల ఊళ్లో అత్తమ్మ ఏడ్చి పట్టుబడితే, ఆమె తృప్తి కోసం దేవుని అర్ర ముందు పుస్తె మట్టెలు కట్టించుకున్నాను. నాకిష్టం లేదు కాబట్టి ఫోటోలు తీయనివ్వలేదు." మీరు లెక్కలోకి తీసుకోని ఆ పది నిమిషాలే చట్టం దృష్టిలో మీ పెళ్లి.

హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం తంతు జరిగినా చాలు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. ఆచారంలోనే లేకపోతే ఆ ప్రశ్నే రాదు. నోటీసు రాసిన లాయరు మొదటి సగం వదిలేసి రెండో సగం పట్టుకున్నారు. కన్యాదానం సంగతి ఇంకా తేలిక. పెళ్లి చెల్లడానికి అది తప్పనిసరి కాదని 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. మీరు దాన్ని వద్దనుకున్నందుకు నష్టమేమీ లేదు.

నష్టం హాల్లో జరిగింది. ఆచారమంటే చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తూ వచ్చినదని చట్టమే నిర్వచించింది. మీరిద్దరూ కూర్చుని రాసుకున్న ప్రమాణాలు ఎంత అందంగా ఉన్నా ఆచారం కిందికి రావు. తమిళనాడులో 1967 సవరణతో వచ్చిన 7ఏ సెక్షన్ వల్ల దండలు మార్చుకున్నా, ఉంగరాలు మార్చుకున్నా పెళ్లవుతుంది. తెలంగాణలో ఆ సెక్షన్ లేదు. పంతులు వద్దు, పుస్తె కూడా వద్దు అనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, వివాహ అధికారి ముందు ముగ్గురు సాక్షులతో సంతకాలు చేస్తే పని అయిపోతుంది. హాలుకు, డ్రోన్ కెమెరాకు అడ్వాన్సులిచ్చి తిరిగినవాళ్లకు ఆ ఆఫీసు మెట్లెక్కే తీరిక దొరకలేదా?

నోటీసులో 2024 ఏప్రిల్ నాటి సుప్రీంకోర్టు తీర్పును కూడా చూపించారు. సర్టిఫికెట్ ఉన్నా తంతు జరగకపోతే పెళ్లి కాదన్న తీర్పు అది. కానీ ఆ కేసులో తంతు జరగలేదని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. మీ కేసులో తంతు జరిగింది. పైగా రిజిస్టర్ చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని 8వ సెక్షనే చెబుతుంది. ఆ తీర్పు సారం తంతే ముఖ్యమని. ఆ మాట మీకే పనికొస్తుంది.

ఇక పుస్తె సంగతి. పాణిగ్రహణం (వధువు చేయి పట్టుకోవడం), సప్తపది పాత గృహ్యసూత్రాల్లో, అంటే ఇంట్లో చేసే శుభకార్యాల పద్ధతులు చెప్పే గ్రంథాల్లో ఉన్నాయి. మెడలో పుస్తె కట్టడం వాటిలో కనబడదు. అది దక్షిణాదిన జనంలో పాతుకుపోయిన ఆచారం. జీలకర్ర బెల్లం మన తెలుగువాళ్లది. పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి రెండు పుస్తెలు కట్టడమూ మనదే. మన వైపు చాలా కులాల్లో ఏడడుగులు, హోమం లేకుండానే పుస్తె పడగానే లగ్గమైందంటారు. ఇది మీకూ నాకూ తెలుసు. జడ్జిగారికి మాత్రం రుజువు కావాలి. ఆచారం ఉందని చెప్పేవాళ్లే దాన్ని నిరూపించాలి. మీ ఆయన వాళ్ల అన్నగారి పెళ్లి వీడియో సంపాదించండి. అందులో ఏడడుగులు లేకుండా పుస్తెలతోనే పెళ్లయి ఉంటే, "మా ఇంట్లో సప్తపది ఆచారం" అనే మాట ఆయన నోట రాదు. వాళ్ల కులపెద్ద ఒకరు సాక్ష్యం చెబితే మరీ మంచిది.

తర్వాత ఆ రోజు సాక్ష్యం. పుస్తెలు చేసిన అవుసలాయన ఎవరు? ఐరేని కుండలు (పెళ్లిలో పూజకు పెట్టే రంగుల కుండలు) పెట్టినప్పుడు ఎవరెవరున్నారు? ఆడబిడ్డ ఫోన్లో చిన్న వీడియో ఉందని రాశారు. మీకు వాట్సాప్‌లో వచ్చిన కాపీని నమ్ముకోకండి, తీసిన ఫోన్ కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం అలాంటి వీడియోతో పాటు సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం మీ వైపు నుంచి, రెండోది నిపుణుడి నుంచి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువతో సహా. అత్తమ్మ మీతో మాట్లాడటం లేదంటున్నారు. కానీ పుస్తె కట్టించింది ఆమే. మీకు ఆమెకు మించిన సాక్షి లేరు. వంకలు పెట్టుకోకుండా ఎవరినైనా పెద్దమనిషిని తోడు తీసుకుని వెళ్లి కలవండి.

ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో మిమ్మల్ని భార్యగా చూపించారన్నారు కదా. ఆ కార్డు, ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం భద్రంగా ఉంచండి. తన చేత్తో తాను రాసిచ్చిన మాటను ఇప్పుడు కాదనడం ఆయనకు తేలిక కాదు.

గడువు దగ్గర నాకు కోపం వచ్చింది. నోటీసు అందుకుని, జవాబివ్వకుండా బీరువాలో పెట్టానని రాశారు! పెళ్లి చెల్లుతుందని ప్రకటించమని ఫ్యామిలీ కోర్టులో దావా వేయాలంటే, దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం 58వ ఆర్టికల్ ప్రకారం హక్కు మొదట తలెత్తినప్పటి నుంచి మూడేళ్లే. మీ పెళ్లిని ఆయన కాదన్నది 2024 జూన్‌లో. అంటే 2027 జూన్ దాటకూడదు. పెళ్లి వ్యవహారాలకు లిమిటేషన్ లేదని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో మీరు గెలవాల్సిన అవసరమే రాకుండా ముందే దావా వేయండి.

కోర్టు దగ్గర టైపిస్టు ఎవరో గుడి నుంచి 2022 తేదీతో పెళ్లి సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడని రాశారు. ఆ గడప తొక్కకండి. అది దొంగ పత్రం, క్రిమినల్ కేసు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. అతను మీ పెళ్లి కార్డులో ఉన్న హాలు తేదీనే వేస్తాడు. మీ పెళ్లి నిజానికి జరిగింది దాని మరునాడు. ఆ ఒక్కరోజు తేడా అవతలి లాయరు చేతికి చిక్కితే అవుసలాయన, ఆడబిడ్డ, ఫోన్ వీడియో, మీ నిజాలన్నీ ఆ అబద్ధం పక్కన నిలబడవు. దావాలో కూడా పెళ్లి తేదీ మరునాటిదే రాయించండి. హాలు కార్యక్రమాన్ని బంధువులకు చేసిన వేడుకగా చెప్పండి.

దావాతో పాటు భరణానికి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ కింద పిటిషన్ వేయండి. అక్కడ పెళ్లికి అంత కఠినమైన రుజువు అడగరు. బంగారం కోసం మీ నాన్నగారు కేసు వేస్తానంటున్నారు, వద్దనండి. మీ స్త్రీధనాన్ని అడగాల్సింది మీరే. మీరు అధికారమివ్వకుండా తండ్రి అడగలేరని 2024 ఆగస్టులో మన తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

లాయరును కలిసేటప్పుడు మీరు రాసిన ఏడు పేజీలు ఇంట్లో పెట్టి రండి. నోటీసు, అది వచ్చిన కవరు తెచ్చుకోండి. కవరు పారేయలేదు కదా? పోస్టు ముద్ర తేదీ దాని మీదే ఉంటుంది.