బౌండరీ లేయర్ ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి బరంపురంలో ఎమ్మెస్సీ మేథ్స్ చివరి ఏడాది చదువుతోంది. బౌండరీ లేయర్లు (అంచు దగ్గర విలువ ఒక్కసారిగా మారిపోయే సన్నని పొరలు) ఉన్న డిఫరెన్షియల్ ఈక్వేషన్లను కంప్యూటర్‌తో సాధించడం మీద ప్రాజెక్టు తీసుకుంది. దీంతో ఉద్యోగం వస్తుందా, లేక బీఎడ్‌లో చేర్చమంటారా?

జవాబు: ప్రాజెక్టు పేరు చూసి ఉద్యోగం ఎవరూ ఇవ్వరండి. కంప్యూటర్ చెప్పిన తప్పు జవాబును పట్టుకోగలిగితే మాత్రం గిరాకీ ఉంది. ఆ పని రావాలంటే ఈ లెక్క ఒక్కటి సొంతంగా చేయమనండి.

సెకండ్ డెరివేటివ్‌ను మైనస్ ఎప్సిలాన్‌తో గుణించి ఫస్ట్ డెరివేటివ్‌కు కలిపితే 1 రావాలి. 0 దగ్గరా 1 దగ్గరా విలువ సున్నా. ఎప్సిలాన్ అంటే ఇక్కడ 0.0001 అనే చిన్న సంఖ్య. 0 నుంచి 1 దాకా దూరాన్ని 64 సమాన భాగాలు చేసి సెంట్రల్ డిఫరెన్స్ (బిందువుకు రెండు వైపులా ఉన్న విలువలతో డెరివేటివ్ కట్టే పద్ధతి) వాడితే, కుడి చివరకు ముందున్న రెండు బిందువుల దగ్గర 0.03, 2.44 వస్తాయి. అసలు రావలసినవి 0.97, 0.98! స్టెప్, అంటే ఒక్కో భాగం పొడవు, ఎప్సిలాన్‌కు రెట్టింపు దాటితే ఈ ఊగిసలాట తప్పదు. దాటకూడదంటే 5,000 భాగాలు కావాలి. అప్‌విండ్ (ఇక్కడ ఎడమ వైపు విలువనే తీసుకునే పద్ధతి) వాడితే ఊగిసలాట పోతుంది కానీ, సన్నని పొర కాస్తా పులుముకుపోతుంది.

అక్కడే, పొర దగ్గర బిందువులను దట్టంగా పేర్చే షిష్కిన్ మెష్ అక్కరకొస్తుంది. 2 × ఎప్సిలాన్ × లాగ్ 64 అంటే సుమారు 0.00083. కుడి చివర అంతమేర 32 భాగాలు, మిగతా అంతటికీ 32. ఇది నేచురల్ లాగ్. ఎక్సెల్‌లో లాగ్ అని కొడితే 10 బేస్‌తో వస్తుంది, అప్పుడు పొరలో దాదాపు మూడు శాతం బయటే ఉండిపోతుంది. పిల్లలు రోజుల తరబడి ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కునేది ఇలాంటి వాటికే.

ఒక్క గ్రాఫ్‌తో సరిపెట్టొద్దు. ఎప్సిలాన్ 0.01 నుంచి కోటిలో ఒకటో వంతు దాకా, భాగాలు 64, 128, 256, 512గా మారుస్తూ గరిష్ఠ ఎర్రర్ పట్టిక వేయాలి. ఇంటర్వ్యూలో ముందు అడిగేది ఆ పట్టికే.

ఇక దారి. పీహెచ్‌డీ అయితే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకోవాలి. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. కంపెనీల్లో ద్రవ ప్రవాహాల సిమ్యులేషన్ పనులకు ఎక్కువగా మెకానికల్ వాళ్లనే అడుగుతారు. మేథ్స్ అమ్మాయి అక్కడ నిలబడాలంటే సీ ప్లస్ ప్లస్, ఫైనైట్ వాల్యూమ్ పద్ధతి, ఓపెన్‌ఫోమ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోక తప్పదు. ఆర్నెల్లు గట్టిగా కూర్చోవాల్సిన పని.

బీఎడ్‌ను తర్వాతైనా చేయొచ్చు. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది కాబట్టి ముందు నెట్ రాయించండి.