ఆ రూపాయి ఎక్కడ ఆగిందో అడుగు

చి. బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. ఎంపీ గారి ఆఫీసులో పార్లమెంటు ప్రశ్నలు రాసే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇరవై రెండేళ్లు ఢిల్లీలో నేను చేసిన పని అదే కాబట్టి, ఫోన్లో చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

లెక్కలు ముందు చెప్పేస్తాను. లోక్‌సభలో ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు ప్రశ్నల నోటీసులకు మించి ఇవ్వకూడదు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. ఆ తర్వాత బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేరు రావాలి. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పే స్టార్డ్ ప్రశ్నలు రోజుకు 20, రాతపూర్వక జవాబు వచ్చే అన్‌స్టార్డ్‌వి 230. ఆ 20లో కూడా ప్రశ్నోత్తరాల గంటలో నాలుగైదు నడిస్తే గొప్ప. అందుకని స్టార్డ్ రాలేదని ఎంపీ గారు చిన్నబుచ్చుకుంటే నువ్వు కంగారు పడకు. ఖర్చుల విషయంలో అన్‌స్టార్డ్ ప్రశ్నే మనకు బలం. అంకెలతో, పట్టికతో, కాగితం మీద జవాబు వస్తుంది.

నేను పనిలో చేరిన కొత్తలో హాస్టల్ భవనాల మీద ఒక ప్రశ్న రాశాను. "మన రాష్ట్రానికి ఎంత కేటాయించారు?" అని. కోట్లలో జవాబు వచ్చింది. మా సారు దాన్ని కరపత్రం వేయించి నియోజకవర్గమంతా పంచారు. నెల తిరక్కుండా ఒక ఊరి సర్పంచి రైలెక్కి ఢిల్లీ వచ్చాడు. జేబులో ఆ కరపత్రం, చేతిలో ఫోటోలు. పునాది లేచి, గోడలు నడుము ఎత్తున ఆగిపోయి, మధ్యలో తుమ్మలు మొలిచాయి. "బాబూ, ఈ కోట్లు మా ఊరికి ఎప్పుడొచ్చాయి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. శాఖవాళ్లు అబద్ధం చెప్పలేదు. నేను కేటాయింపు గురించి అడిగాను, వాళ్లు కేటాయింపు చెప్పారు. డబ్బు కదిలిందా అని నేను అడగనే లేదు.

అప్పటి నుంచి నేను ప్రతి ముసాయిదాలో మొదట క్రియను చూసేవాణ్ణి. కేటాయించడం వేరు, మంజూరు చేయడం వేరు, విడుదల చేయడం వేరు, ఖర్చు చేయడం వేరు. బయట జనం ఈ నాలుగింటినీ "ఇచ్చారు" అనే ఒక్క మాటలో కలిపేస్తారు. జవాబు రాసే అధికారి మాత్రం వాటిలో పెద్ద అంకె ఏదో అదే రాస్తాడు. ఫిబ్రవరిలో బడ్జెట్ అంచనా ఒకటి ఉంటుంది, మరుసటి ఫిబ్రవరికి అది సవరించిన అంచనా అవుతుంది, అసలు ఖర్చు ఎంతో ఇంకో ఏడాది తర్వాత గానీ బడ్జెట్ పుస్తకాల్లోకి రాదు. మూడు అంకెలూ పక్కపక్కన ఏడాదివారీగా అడుగు. నువ్వు విడదీసి అడగకపోతే వాళ్లు విడదీసి చెప్పరు.

పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్‌నే తీసుకో. మన రెండు రాష్ట్రాలకూ అందులో కేంద్రం సగం, రాష్ట్రం సగం. "ఎన్ని ఇళ్లకు కుళాయిలు ఇచ్చారు?" అని అడిగితే డ్యాష్‌బోర్డులో ఉన్న అంకె అచ్చు వేసి పంపుతారు, దానికి ప్రశ్నే అక్కర్లేదు. దాని బదులు ఇలా అడుగు: గత మూడేళ్లలో డబ్బు ఏ వాయిదా (విడత) ఏ తేదీన విడుదలైంది? రాష్ట్ర వాటా జమ కానందువల్ల ఆగిన వాయిదాలు ఏవి? ముందిచ్చిన డబ్బు ఖర్చయిందని రాష్ట్రం రాసిచ్చే వినియోగ పత్రాలు రానందువల్ల ఆగినవి ఏవి? రాష్ట్రానికి దాని మీద రాసిన లేఖల తేదీలేమిటి? తేదీ అడిగితే తప్పించుకోవడం కష్టమమ్మా. డబ్బు మార్చి ఆఖరి వారంలో వదిలారని తేలితే సగం కథ అక్కడే బయటపడుతుంది. ఏడాది ఖర్చులో మార్చి నెలది 15 శాతం, చివరి మూడు నెలలది 33 శాతం దాటకూడదని కేంద్ర శాఖలకు పరిమితి పెట్టింది ఆర్థిక శాఖే. ఆ రెండు అంకెలూ నీ డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకో.

రాష్ట్రం చేయాల్సిన పని గురించి నేరుగా అడిగితే ప్రశ్న తిరిగొస్తుంది. ఫలానా మండలంలో రోడ్డు ఎందుకు వేయలేదు అంటే అది కేంద్రం బాధ్యత కాదంటారు. కేంద్రం పెట్టిన డబ్బు, కేంద్రం పెట్టిన షరతు, కేంద్రం చేయించిన తనిఖీ, ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని నడువు. వ్యంగ్యం, ఆరోపణ, "మంత్రి గారి అభిప్రాయం ఏమిటి" లాంటివి రాసినా తీసేస్తారు. కోపం ఎంత ఉన్నా ప్రశ్నలో కనపడనివ్వకు.

నీకు ఎక్కువగా ఎదురయ్యే జవాబు ఒకటుంది: "అటువంటి వివరాలు కేంద్రస్థాయిలో నిర్వహించడం లేదు." 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు వెళ్తూ చనిపోయిన వలస కార్మికులు ఎందరు అని సభలో అడిగితే వచ్చింది ఈ జవాబే. లెక్కే లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదన్నారు. మన పాలమూరు, శ్రీకాకుళం నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన వాళ్లు గుర్తొచ్చి, అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అయినా ఆ జవాబుతో ఆగిపోవద్దు. తర్వాతి సమావేశాల్లో "ఆ వివరాలు ఉంచాలని ఏ చట్టం, ఏ మార్గదర్శకం చెబుతోంది? ఉంచకూడదన్న నిర్ణయం ఎవరిది?" అని అడగవచ్చు. వివరాలు లేవన్నదే అప్పుడు కొత్త ప్రశ్నకు ముడిసరుకు.

రెండో జవాబు: "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం." దీన్ని చూసి పేపర్లవాళ్లు పెదవి విరుస్తారు. నాకు మాత్రం అది దొరికితే సంతోషం. ఎందుకంటే సభ లెక్కలో అది హామీ. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారో లేదో చూడటానికి 1953 నుంచీ లోక్‌సభలో హామీల కమిటీ ఉంది. ప్రతి హామీనీ తేదీతో ఒక నోటుబుక్కులో రాసుకో. గడువు దాటగానే ఎంపీ గారి చేత కమిటీ అధ్యక్షుడికి లేఖ పెట్టించు. నేను అలా వెంటపడి తెప్పించిన జవాబుల్లోనే ఆ హాస్టల్ గోడలది కూడా ఒకటి. రెండేళ్లు పట్టింది.

ప్రశ్నకు ఎంత శక్తి ఉందో చూడాలంటే 1957 నాటి చర్చలు పార్లమెంటు లైబ్రరీలో తీసి చదువు. అప్పటికి ఏడాది వయసున్న జీవిత బీమా సంస్థ, ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కోటి రూపాయలకు పైగా పెట్టి కొంది. పాలసీదారుల సొమ్ము అది. సభలో ప్రశ్న వచ్చింది, మంత్రిత్వ శాఖ జవాబు అటూ ఇటూ కాకుండా వచ్చింది. కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ వదల్లేదు. అధికార పక్షంలోనే కూర్చుని, కాగితాలు ముందు పెట్టుకుని, ఆ జవాబుకూ జరిగినదానికీ మధ్య తేడా చూపించాడు. దాంతో జస్టిస్ ఛాగ్లా చేత ప్రభుత్వం విచారణ చేయించింది, అది బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ రోజుల్లో స్పీకర్ స్థానంలో ఉన్నది మన తిరుచానూరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారే.

ఇంకొక్క మాట, కటువుగానే రాస్తున్నాను. 2005 డిసెంబరులో ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారని ఒకే రోజు 11 మంది సభ్యత్వం పోయింది. 2023లో, ప్రశ్నలు ఎక్కించే పార్లమెంటు పోర్టల్ లాగిన్ బయటివారికి ఇచ్చారన్న వ్యవహారంలో లోక్‌సభ ఒకరిని బహిష్కరించింది. నీ దగ్గరకు రాసిపెట్టిన ప్రశ్నలతో మనుషులు వస్తారు. కాఫీ ఇచ్చి మాట్లాడు, సమాచారం తీసుకో, కానీ ఆ కాగితం ఉన్నదున్నట్టు ఎక్కించకు. ఏ కంపెనీకి దానివల్ల లాభమో ముందు చూడు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, డ్రైవరు చేత పంపమన్నా సరే.

సమావేశాల తేదీలు లోక్‌సభ బులెటిన్‌లో రాగానే, పాత జవాబులన్నీ ఒకసారి వెతికి చూడు. ఇచ్చిన జవాబునే మళ్లీ అడిగితే తిరస్కరిస్తారు. పాత జవాబు నంబరు, తేదీ చెప్పి అక్కడి నుంచి ముందుకు అడిగితే ఒప్పుకుంటారు. నీ మొదటి ముసాయిదా నాకు పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను.

తెనాలి నుంచి,
మీ పెదనాన్న