అడవి ఉన్నచోట ఆకుపచ్చ రంగు ఎందుకు లేదు?

ప్రశ్న: అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో అపాచీలనే ఆదివాసుల కొండ ప్రాంతాన్ని చూపే పాత టోపోషీటు (నేల ఎత్తుపల్లాలను చూపే సర్వే పటం) ఒకటి చూశాను. అక్కడివి దట్టమైన పైన్ అడవులని చదివాను గాని, పటంలో ఆకుపచ్చ రంగే లేదు. దానిని ఎలా చదవాలి? అపాచీ పేర్లు ఎందుకు కనిపించవు? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ 1879లో ఏర్పడింది. అది వేసిన తొలినాటి షీట్లలో సాధారణంగా మూడు రంగులే ఉండేవి: నీటికి నీలం, ఎత్తుపల్లాలకు గోధుమ, దారులు, కట్టడాలు, పేర్లకు నలుపు. అడవికి ఆకుపచ్చ పూత మామూలైంది తరువాతి కాలంలోనే కాబట్టి, ఆ రంగు లేనంత మాత్రాన చెట్లు లేవనుకోకూడదు.

గోధుమ రంగు కాంటూరు రేఖ ఒక్కొక్కటీ సమాన ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతుంది. మన రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లా నేల నిట్టనిలువుగా లేచే చోట ఈ రేఖలు ఒకదానికొకటి ఒరుసుకున్నట్టు కనిపిస్తాయి. వాగును దాటేచోట రేఖ వంగుతుంది, ఆ వంపు మొన ఎప్పుడూ ఎగువవైపే ఉంటుంది. నీలిగీత లేని లోయలో కూడా నీరు ఎటు పారుతుందో దీన్నిబట్టి చెప్పవచ్చు. మీ షీటు 1:125,000 స్కేలుదైతే ఒక సెంటీమీటరు 1.25 కిలోమీటర్లకు సమానం గనుక చిన్న వాగులు అందులో ఇమడవు.

షీటు అంచున సర్వే చేసిన సంవత్సరం, అచ్చువేసిన సంవత్సరం వేరువేరుగా ఉంటాయి, మొదటిదే ముఖ్యం. 1897లో అమెరికా కాంగ్రెస్ అక్కడి రిజర్వేషన్‌ను, అంటే అపాచీలకు కేటాయించిన భూభాగాన్ని, ఫోర్ట్ అపాచీ, శాన్ కార్లోస్ అని రెండుగా విడదీసింది. బ్లాక్ నది, సాల్ట్ నది వాటి మధ్య హద్దయ్యాయి. అంతకు ముందటి సర్వేలో ఈ హద్దు ఉండదు.

ఇక పేర్లు. 'ఫోర్ట్ అపాచీ' 1870లో మొదలైన సైనిక స్థావరం. సర్వేయర్లు ఎక్కువగా సైన్యమూ వలసవచ్చినవారూ వాడిన ఇంగ్లిషు పేర్లనే ఎక్కించారు. అపాచీల స్థలనామాలు మాత్రం చాలావరకు అక్కడి నీటినీ రాతినీ చెట్టునూ వర్ణించే చిన్న వాక్యాలు, కొన్నింటికి కథలూ ఉంటాయి. మన మేడారంలో సంపెంగ వాగు జంపన్న వాగు అయిన కథ తెలియనివాడు పటంలో ఆ పేరు చూస్తే అతనికి అందేది ఎంత? 11,400 అడుగులకు పైగా ఉన్న మౌంట్ బాల్డీ పేరును తెలుగులో చెబితే బోడిగుట్ట! అపాచీలకు అది పవిత్ర పర్వతం. దాని శిఖరం రిజర్వేషన్ లోపల ఉండటంతో తెగకు చెందనివారిని అక్కడికి వెళ్లనివ్వరు.