విద్వేష ప్రసంగమా, ఉసికొల్పడమా?

సందేహం: విదేశీ వార్తల్లో ‘హేట్ స్పీచ్’ అనే ఒకే సంగతిని ఒకచోట ‘ద్వేషపూరిత ప్రసంగం’ అనీ, ఇంకోచోట ‘విద్వేష వ్యాఖ్యలు’ అనీ, మరోచోట ‘రెచ్చగొట్టే ప్రసంగం’ అనీ రాస్తున్నారు. ‘విద్వేష నేరం’ (హేట్ క్రైమ్) అన్నదీ తరచు కనిపిస్తోంది. వీటిలో ఏది సరి? ‘భావ ప్రకటనా స్వేచ్ఛ’ సాధువేనా? అమెరికాలో ద్వేషంగా మాట్లాడితే నేరమా అని మా మనవడు అడిగాడు. ఈ మాటలతో వాడికి చెప్పలేకపోయాను. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

సమాధానం: ‘ప్రకటన’ సంస్కృతంలో నపుంసకలింగం. రచన, ఘటన వంటివాటికి ఆకారాంత రూపాలున్నాయి కాబట్టి ‘రచనాశైలి’ అన్నాం. వాటిని చూసి దీనికీ దీర్ఘం తగిలించారు. ‘భావప్రకటన స్వేచ్ఛ’ చాలు. పాఠ్యపుస్తకాలు కూడా ఆ దీర్ఘాన్ని వదలకపోవడం బాధాకరం. ద్వేషానికీ విద్వేషానికీ ఉపసర్గ తెచ్చిన తీవ్రతే తేడా.

అసలు చిక్కు ‘ప్రసంగం’తో. ప్రసంగమంటే మనకు వేదిక, మైకు, ఎదురుగా జనం. పాశ్చాత్య న్యాయస్థానాలు ఆ పద్దు కింద విచారించినవి చూడండి. 1990 జూన్‌లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో కొందరు కుర్రాళ్ళు విరిగిన కుర్చీకాళ్ళను టేపుతో అతికించి శిలువ చేశారు. తెల్లవారకముందే దాన్ని ఒక నల్లజాతి కుటుంబం పెరట్లో తగలబెట్టారు. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది వాక్స్వాతంత్ర్యం పేరిటే. కెనడాలోని ఆల్బర్టాలో ఒక బడిపంతులు క్లాసులో పిల్లలకు యూదుల మీద విషం నూరిపోశాడు. అతనికి వర్తించిన, ద్వేషప్రచారాన్ని నేరం చేసే చట్టం చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1990లో నలుగురు ఔనంటే ముగ్గురు కాదన్న తీర్పుతో తేల్చింది. కాలుతున్న కుర్చీకాళ్ళనూ పిల్లల పాఠాన్నీ ‘ప్రసంగం’ అనడం తెలుగు కాదు. మూలంలో ఉన్న ‘స్పీచ్’ అనే మాటకు నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని ఎత్తి రాసే అలవాటు ఇది. రాసేవారు ఒక్క క్షణం ఆగి, జరిగిందేమిటో కళ్ళముందుకు తెచ్చుకుంటే ఈ పొరపాటు రాదు.

జర్మనీ చట్టం దగ్గర మనకు చక్కని తెలుగుమాట ఉండి కూడా వాడుకోవడం లేదు. 1959 క్రిస్మస్ వేళ కొలోన్‌లోని యూదుల ప్రార్థనామందిరం గోడలకు నాజీల స్వస్తిక గుర్తులు పూశారు. ఆ అలజడి తర్వాత 1960లో శిక్షాస్మృతి 130వ సెక్షన్‌ను తిరగరాశారు. నేరం పేరు ‘ఫోక్స్‌ఫెర్‌హెట్సుంగ్’. ‘ఫోక్’ అంటే జనం. తక్కిన భాగంలో ఉన్న క్రియ ‘హెట్సెన్’, అంటే వేటకుక్కలను జంతువు మీదికి తరమడం. ఒక జాతి మీదికో మతం మీదికో జనాన్ని అలా తరిమి, ప్రజాశాంతికి భంగం కలిగించేలా మాట్లాడినా రాసినా మూడు నెలల నుంచి అయిదేళ్ళదాకా జైలు.

ఇదంతా మన ‘ఉసికొల్పు’లో ఉంది! ‘ఉసి’ అనేది కుక్కను పురమాయించే ధ్వని. పల్లెల్లో ఇప్పటికీ ‘ఉస్కో’ అంటారు. దానికి ‘కొలుపు’ చేరింది. మేలుకొలుపు, నెలకొలుపులలో ఉన్న ప్రేరణార్థకమే ఇది. కుక్క దగ్గర పుట్టిన మాట మనుషుల దగ్గరికి వచ్చినా దాని అర్థం చెడలేదు. పక్కమాటలతో పోల్చి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ‘చదువుకు పురికొల్పారు’ అంటాం. ‘చదువుకు ఉసికొల్పారు’ అని తెలుగువాడెవడూ అనడు. పురికొల్పడం మంచికీ చెడుకీ చెల్లుతుంది. ఉసికొల్పడానికి ఎప్పుడూ ఒక బలి కావాలి.

‘రెచ్చగొట్టు’ మరొకటి. అందులో ఇద్దరే ఉంటారు, తిట్టేవాడూ తిట్టించుకుని మండిపడేవాడూ. న్యూహాంప్‌షైర్‌లో ఒకాయన ఊరి పోలీసు అధికారిని ముఖం మీదే ఫాసిస్టువని తిడితే, ఎదుటివాణ్ణి కొట్లాటకు దింపే అలాంటి తిట్లకు రక్షణ లేదని అమెరికా కోర్టు 1942లో చెప్పింది. అది రెచ్చగొట్టడం. ఉసికొల్పడంలో ముగ్గురు ఉంటారు. అనేవాడు ఒకడు, ఎగబడేవాడు ఒకడు, దెబ్బతినేవాడు ఒకడు. దెబ్బతినేవాడికి చాలాసార్లు ఆ మాట వినపడనే వినపడదు. ఈ మూడో మనిషిని మరిచిపోతున్నాం కాబట్టే మన వార్తల్లో రెండూ ఒకటైపోతున్నాయి.

దేశాల మధ్య తేడా కూడా ఈ మాటతోనే తేలిగ్గా చెప్పవచ్చు. ఉసికొల్పిన వెంటనే చట్టవిరుద్ధమైన పని జరగాలన్న ఉద్దేశమూ, జరిగే అవకాశమూ రెండూ ఉంటే తప్ప శిక్షించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1969లో, ఓహైయోకు చెందిన ఒక కూ క్లక్స్ క్లాన్ (తెల్లజాతి దురహంకారుల ముఠా) నాయకుడి కేసులో నిర్ణయించింది. జర్మనీ అంతవరకూ ఆగదు. బ్రిటన్ 1986 చట్టం జాతి విద్వేషాన్ని రగిలించడాన్నే నేరం చేసింది, బెదిరింపు, దూషణ, అవమానం ఉన్న మాటలైతే.

ఇక ‘విద్వేష నేరం’. సంస్కృత ప్రాతిపదిక మీద తెలుగు ‘నేరం’ చేరిందని పాతకాలపు పండితులు వైరిసమాసమంటారు. వాడుకలో స్థిరపడింది, నేను ఆక్షేపించను. నా పట్టుదలంతా విగ్రహవాక్యం గురించి. విద్వేషమే నేరమా, విద్వేషం వల్ల జరిగిన నేరమా? మీ మనవడి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. సెయింట్ పాల్ కేసులో నగర శాసనం జాతి, మతం, లింగం వంటి కొన్ని విషయాల మీద వచ్చే వ్యక్తీకరణనే ఏరి నేరం చేసిందని 1992లో కోర్టు దాన్ని కొట్టివేసింది. బెదిరింపుకూ, నిప్పు పెట్టినందుకూ వేరే చట్టాలున్నాయి, వాటిని వాడుకోండి అంది. ఆ మరుసటి ఏడే విస్కాన్సిన్ కేసు వచ్చింది. కెనోషాలో కొందరు నల్లజాతి యువకులు, వారిలో మిచెల్ అనేవాడు, అటుగా వెళ్తున్న పద్నాలుగేళ్ళ తెల్లపిల్లవాణ్ణి చూశారు. మిచెల్ మూడుదాకా లెక్కపెట్టి వేలు చూపించాడు. గుంపు పరిగెత్తి పిల్లవాణ్ణి కొట్టింది. నాలుగు రోజులు స్పృహ లేదు. మామూలుగా రెండేళ్ళకు మించని శిక్ష, జాతిని చూసి బాధితుణ్ణి ఎంచుకున్నందుకు నాలుగేళ్ళు అయింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ సరేనన్నారు. కొట్టడం నేరం, ద్వేషం దాని బరువు పెంచింది. అంటే అమెరికాలో ‘విద్వేషం వల్ల నేరం’ అనే పంచమీ తత్పురుషే చెల్లుతుంది, ‘విద్వేషమే నేరం’ చెల్లదు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతేలో మన తెలుగు ఇంజనీరును కాల్చిచంపినవాడు నా దేశం విడిచిపొమ్మని అరిచాడు. 2018లో ఫెడరల్ విద్వేష నేరాభియోగాలను ఒప్పుకున్నాడు, యావజ్జీవం పడింది. ఆ కేకకు వేరే శిక్ష లేదు. ఎందుకు కాల్చాడో చెప్పే సాక్ష్యం అది. మన పత్రికల్లో వచ్చిన ‘జాతి విద్వేష హత్య’ అందుకే తప్పుకాదు. కానీ అదే పత్రికలు ‘విద్వేష వ్యాఖ్యల నేరం’ అని అమెరికా వార్తకు శీర్షిక పెడితే చదివేవాడు మోసపోతాడు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు తమ హక్కేమిటో, ఎదుటివాడి హక్కేమిటో తెలియాలి కదా! ఆ ఎరుకకు అడ్డుపడే మాటను అలవాటు పేరుతో సహించలేను.

కాబట్టి, ఒట్టి మాటలైతే ‘విద్వేష వ్యాఖ్యలు’, బొమ్మలూ కరపత్రాలూ కలిస్తే ‘విద్వేష ప్రచారం’, ఒక వర్గం మీదికి జనాన్ని తోలితే ‘ఉసికొల్పడం’. నిజంగా వేదిక ఎక్కి మాట్లాడితేనే ‘ప్రసంగం’. న్యాయవ్యాసాల్లో ‘విద్వేషప్రేరిత నేరం’ అంటే స్పష్టం. శీర్షికకు పొడుగంటారా, అప్పుడు ‘విద్వేష నేరం’ అనే రాసి, లోపల ఒక వాక్యంలో విప్పి చెప్పాలి. ఇది నా మొగ్గు మాత్రమే, వాడుక ఇంకా కుదురుకుంటోంది. ‘ఉసికొల్పు’, ‘ఉసిగొల్పు’ రెండూ వాడుకలో ఉన్నాయి. నేను మొదటిది రాస్తాను, రెండోదాన్ని దిద్దను.