విదేశంలో పిల్లల ఆశ్రమానికి సేవకు వెళ్తున్నాను, అక్కడి జంతువులతో ఎలా ఉండాలి?

వచ్చే నెల మూడు నెలల స్వచ్ఛంద సేవకు విదేశంలోని ఒక పిల్లల ఆశ్రమానికి వెళ్తున్నానని, అక్కడ కుక్కలు, మేకలు, కోళ్ళు ఉన్నాయని, ఇంతవరకు ఏ జంతువుతోనూ కలిసి ఉండలేదు కాబట్టి భయంగా ఉందని రాశారు. నేనూ సరిగ్గా అలాగే వెళ్ళాను. నేను ఉన్న చోట ఇరవై ముగ్గురు పిల్లలు, రెండు కుక్కలు, ఒక పిల్లి, ఐదు మేకలు, రోజుకొక లెక్క తేలే కోళ్ళు ఉండేవి. అది ఏ దేశమో రాయడం లేదు, ఆ పిల్లల గోప్యత నాకు ముఖ్యం.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆశ్రమంలో పిల్లలు తమదని చెప్పుకోగలిగినవి బహు కొద్ది. మంచం, బట్టలు, పుస్తకాలు అన్నీ ఎవరో ఇచ్చినవే, రేపు ఇంకొకరికి వెళ్ళిపోయేవే. కానీ మేక ఈనిన రాత్రి లైటు పట్టుకుని పక్కన నిలబడ్డ పిల్లకు ఆ మేకపిల్ల తనది. అందుకని ఆ జంతువుల దొడ్డిలోకి అడుగుపెట్టేటప్పుడు వాళ్ళ ఇంట్లోకి వెళ్తున్నట్టే వెళ్ళండి. మొదటి వారమంతా వాళ్ళనే అడిగి నేర్చుకోండి.

నేను అడగలేదు. వెళ్ళిన నాలుగో రోజు, వంటగదిలో మిగిలిన మొక్కజొన్న గింజలు ఒక బకెట్ నిండా తీసుకెళ్ళి మేకల ముందు పోశాను. పదేళ్ళ అమ్మాయి ఒకతి వద్దన్నట్టు బకెట్ అంచు పట్టుకుంది. భాష రాక నేను పట్టించుకోలేదు. సాయంత్రానికి ఒక మేకకు ఎడమ డొక్క ఉబ్బిపోయింది. నెమరు వేయడం మానేసి, పళ్ళు కొరుకుతూ, తల వాల్చి నిలబడింది. మేక పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆకుకూ గడ్డికీ అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారిగా గింజ ఎక్కువగా పడితే లోపల పులిసి ఆమ్లం పెరుగుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇదంతా నాకు తర్వాత పశువైద్యుడు చెప్పాడు. ఆ అమ్మాయికి ముందే తెలుసు. ఆయన వచ్చేదాకా ఆమె ఆ మేక పక్కనుంచి కదలకుండా దాన్ని మెల్లగా నడిపిస్తూనే ఉంది.

మేక బతికింది. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఇంకో మేక ఎడమ డొక్క మీద పెట్టి అదిమింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల ఏదో బరువుగా దొర్లి నా అరచేతిని పైకి నెట్టింది. నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా కదిలితే మేక కులాసాగా ఉన్నట్టే. అప్పటినుంచి రోజూ ఐదు మేకలకూ అలా చెయ్యి పెట్టి చూశాకే నా పని మొదలయ్యేది. నన్ను ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కుక్కల విషయం ఇంతకంటే పెద్దది. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే వస్తుంది. రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం మంది 15 ఏళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, కానీ సమయానికి టీకా పడితే పూర్తిగా నివారించవచ్చు. మీరు బయలుదేరేముందే డాక్టరును కలిసి ముందస్తు టీకా గురించి అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పద్ధతిలో మొదటి రోజు ఒక మోతాదు, ఏడు రోజుల తర్వాత రెండోది. అది వేయించుకున్నా సరే, అక్కడ కుక్క కరిస్తే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

పిల్లలు కాటును దాచుకుంటారు. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఏడేళ్ళ బాబు ఒకడు భోజనం ముందు చేతులు కడుక్కునేటప్పుడు కుడి చెయ్యి ఒక్కటే నీళ్ళలో పెట్టాడు. ఎడమ చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించి, దాని అంచును గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. విప్పి చూస్తే ముంజేతి మీద రెండు చిన్న గాట్లు, వాటి చుట్టూ ఎర్రగా వాపు. నొప్పి అనలేదు, ఏడవలేదు. కుక్కను పంపించేస్తారా అని మాత్రం అడిగాడు. వార్డెన్ వచ్చి సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు గడియారం చూసి మరీ కడిగింది. తర్వాత నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కుక్కను విడిగా కట్టేసి పది రోజులు గమనించారు. అది ఆరోగ్యంగానే ఉంది. ఆ పది రోజులు చూసి ఇంజెక్షన్ వేయిద్దామని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకండి, టీకా ఆ రోజే మొదలవ్వాలి.

ఆ రాత్రి వార్డెన్ పిల్లలందరినీ కూర్చోబెట్టి, కరిచిందని చెబితే కుక్కను ఎవరూ ఏమీ చేయరు అని మాట ఇచ్చింది. ఆ తర్వాత నేనున్న రెండు నెలల్లో ముగ్గురు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి చిన్న చిన్న గీరుళ్ళు చూపించారు. మీరు వెళ్ళిన చోట అలాంటి మాట ఎవరూ ఇచ్చి ఉండకపోతే, మొదటి వారంలోనే పెద్దవాళ్ళతో మాట్లాడి ఇప్పించండి.

మిగతా జాగ్రత్తలు మామూలువే. దొడ్డికి వేరే చెప్పులు ఉంచుకోండి. కోళ్ళనూ గుడ్లనూ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్న పిల్లలు కోడిపిల్లలను ముద్దు పెట్టుకోకుండా చూడండి, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి అలాగే సోకుతుంది. పిల్లికో కుక్కకో వెంట్రుకలు రాలి గుండ్రటి మచ్చ కనిపిస్తే తామర కావచ్చు, అది మనుషులకూ అంటుకుంటుంది. కుక్కలకు నట్టల మందు వేస్తున్నారా లేదా కనుక్కోండి. డబ్బు సాయం చేయాలనిపిస్తే కొత్త కుక్కపిల్లను తెచ్చి ఇవ్వకండి, ఉన్నవాటికి టీకాలూ సంతాన నిరోధక శస్త్రచికిత్సా చేయించమని ఆ డబ్బు ఇవ్వండి.

మీరు పేరు పెట్టి పిలిచిన కోడి ఒకరోజు కూర అవుతుంది. పిల్లల ముందు దాని గురించి బాధపడి మాట్లాడకండి. వాళ్ళకు అది తెలిసిన విషయమే, దాన్ని పెంచినంత శ్రద్ధగానే వాళ్ళు దాన్ని పంచుకుంటారు.

ఇంకొకటి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. కొద్ది కాలానికి వచ్చి పోయే సేవకులకు పిల్లలు దగ్గరవడం, తర్వాత తెగిపోవడం, అలా మళ్ళీ మళ్ళీ జరగడం వాళ్ళకు మంచిది కాదు. సందర్శకుల కోసం, విరాళాల కోసం పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి తెచ్చే చోట్లూ ఉన్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానంలో ఈ అనాథాశ్రమ పర్యటనల వల్ల జరిగే హానిని ప్రస్తావించింది. మీ గత చరిత్ర గురించి ఏమీ అడగకుండా రమ్మన్న చోటైతే వెళ్ళకండి. అన్నీ సరిగ్గా ఉన్న చోటైతే, నా అభిప్రాయం ఇది: దొడ్డి పని అడిగి తీసుకోండి. నిద్రపుచ్చడం, ఏడిస్తే ఒళ్ళోకి తీసుకోవడం ఏళ్ళ తరబడి అక్కడే ఉండేవాళ్ళకు వదలండి. మీరు పేడ ఎత్తుతుంటే పిల్లలు పక్కన గడ్డి వేస్తారు, మాటలు వాటంతట అవే వస్తాయి. కుక్కను రాత్రిపూట మీ గదిలో పడుకోబెట్టుకోకండి. మీరు వెళ్ళాక అది ఆ తలుపు దగ్గరే పడుకుంటే, దాన్ని రోజూ చూడవలసింది పిల్లలు.

వెళ్ళిపోయే రోజు ఎప్పుడో మొదటి రోజే వాళ్ళకు చెప్పండి. మా దగ్గర చివరి నెలలో ఒక కోడి పదకొండు గుడ్లను పొదగడానికి కూర్చుంది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలవుతాయి కాబట్టి ఆశ్రమం పిల్లలు కోళ్ళ గూడు తలుపు మీద సుద్దతో రోజుకో గీత గీసేవారు. పద్దెనిమిదో గీత నాడు నేను బయలుదేరాను. మేక డొక్క మీద చెయ్యి పెట్టి నేర్పిన అమ్మాయి ఆ గీత గీయమని సుద్దముక్క నాకిచ్చింది. గీసి తిరిగి ఆమెకే ఇచ్చాను. వారం తర్వాత వార్డెన్ కబురు పంపింది. తొమ్మిది పిల్లలయ్యాయి. మిగిలిన రెండు గుడ్లను మాత్రం ఇరవై నాలుగో గీత దాకా పిల్లలు కోడి కింద నుంచి తీయనివ్వలేదట.